షిగె గారి తవుడు జాడీ

ఊరగాయ జాడీలో తడి చెయ్యి పెట్టిన మనిషిని నేను క్షమించను. ఇది ముందే చెబుతున్నాను. ఇష్టం లేనివాళ్ళు ఇక్కడే ఆపెయ్యొచ్చు.

మా తోడికోడలు తడి గరిటె పెట్టింది. కొత్తావకాయ. కలిపి పదిహేను రోజులు కాలేదు. గరిటె కడిగి, తుడవకుండా, నీళ్ళు కారుతుంటే అలాగే జాడీలో ముంచింది. నేను చూశాను. ఆ రోజు నుంచి పదకొండేళ్ళు ఆవిడతో మాట్లాడలేదు. మూడేళ్ళు ఒకే ఇంట్లో, తర్వాత ఎనిమిదేళ్ళు పక్కపక్క ఇళ్ళలో. పిల్లల చేత కబుర్లు పంపుకున్నాం. మాట మాత్రం లేదు.

నా చేతి ఊరగాయకి రావులపాలెం చుట్టూ నాలుగూళ్ళలో పేరుండేది. పెళ్ళంటే ముందు నాకు కబురొచ్చేది, తర్వాతే పందిరి వాళ్ళకి. మూడేళ్ళ మాగాయ తీసి చూపిస్తే నిన్న పెట్టినట్టుండేది. అందులో రహస్యమేం లేదు. ఉప్పు, నూనె, ఎండ. పైన శుభ్రమైన గుడ్డతో వాసెన. ఇంకొకళ్ళ చెయ్యి తగలకూడదు. అంతే.

అలాంటిదాన్ని నలభై ఆరేళ్ళ వయసులో జపాను వెళ్ళాను.

మా చెల్లెలి మొగుడు అబ్బులు అక్కడ సముద్రం పక్కన ఒక చిన్న ఊళ్ళో మన కూరల హోటలు పెట్టాడు. "వదినా, నీ చెయ్యి ఒక్కటుంటే చాలు, జపానోళ్ళు వరస కడతారు," అని ఆశపెట్టి తీసికెళ్ళాడు. తీసికెళ్ళి, నేను లేని టైము చూసి నా ఆవకాయలో పంచదార కలిపాడు. వాళ్ళకి కారం పడదంట.

పంచదార!

ఆ పూటే పెట్టె సర్దుకుని బయటికొచ్చేశాను. ఇంకోసారి ఆ గుమ్మం తొక్కితే నా పేరు తాయారమ్మ కాదన్నాను. అబ్బులుతో ఇప్పటికీ మాటల్లేవు. ఇక ఉండబోవు కూడా.

పెట్టె పట్టుకుని వీధిలో నిలబడ్డాను. ఎటు వెళ్ళాలో తెలీదు. ఎదురుగా ఒక భోజన హోటలు. నాలుగు బల్లలు, గుమ్మానికి నీలం గుడ్డ తెర. ఒక ముసలావిడ వాకిట్లో నీళ్ళు చల్లుతోంది, అచ్చం మనలాగే. చెంబు పక్కన పెట్టి నా పెట్టెని చూసింది, నా మొహం చూసింది. లోపలికి రమ్మని చెయ్యి ఊపింది.

అన్నం పెట్టింది. గిన్నెడు పులుసు పోసింది. చిన్న పళ్ళెంలో నాలుగు దోసకాయ ముక్కలు పెట్టింది.

ఆ ముక్క నోట్లో వేసుకున్నాను. కరకరలాడింది. పులుపు, ఉప్పు, వెనకాల ఇంకో వాసన, కొత్త ధాన్యం మరపట్టినప్పుడు వస్తుందే, అది. కారం లేదు, నూనె లేదు. అయినా ఆగలేకపోయాను. నాలుగూ తినేసి, ఎవరు పెట్టారు ఇది అని సైగ చేశాను.

ఆవిడ తన అరచెయ్యి తెరిచి చూపించింది.

నాకు నేర్పమని అడిగాను. ఎవర్నయినా అలా అడగడం నా జన్మలో అదే మొదలు.

ఆవిడ పేరు షిగె. అప్పటికి డెబ్భై దాటింది. నన్ను "తాయా" అని పిలిచేది, మిగతా పేరు ఆవిడ నోరు తిరగలేదు. నా వీసా కాగితాల సంగతి ఆవిడే తిరిగి చూసింది. నేను కూరలు తరిగేదాన్ని, గిన్నెలు తోమేదాన్ని, వెనక గదిలో పడుకునేదాన్ని. మా మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కాబట్టి సాఫీగా ఉన్నాయి గాని, అప్పట్లో సగం నోటితో, సగం చేతులతో మాట్లాడుకునేవాళ్ళం.

వాళ్ళ పద్ధతులు చాలా మటుకు నాకు నచ్చాయి. చెప్పులు గుమ్మం బయటే. తినే ముందు చేతులు జోడించి, పుచ్చుకుంటున్నాను అని ఒక మాట అంటారు. పెద్దవాళ్ళు ఏది చెప్పినా ముందు "హై" అనాలి, అంటే అలాగే అని. చేపల పులుసు ఉండదు గాని చేప మాత్రం పొద్దున్నే ఉంటుంది. అన్నం ముద్దముద్దగా ఉంటుంది, దానికి మనం ఏం చెయ్యలేం.

పుల్లలతో తినడం మాత్రం నేర్చుకోలేదు. మొదటి రోజే చేత్తో కలుపుకుని తిన్నాను. బల్లల దగ్గర వాళ్ళు చూశారు, చూడనీ అనుకున్నాను. రెండో రోజు షిగె గారు నా పళ్ళెం పక్కన చెయ్యి కడుక్కోడానికి ఒక గిన్నెలో నీళ్ళు పెట్టింది. ఆ తర్వాత రోజూ పెట్టేది.

ఆ దోసకాయ ఊరేది వంటింటి మూల ఒక జాడీలో. గోధుమరంగు జాడీ, మన ఇళ్ళలో ఉండేదే, ఆ బొజ్జ, ఆ మూతి. దాన్ని చూడగానే నాకు పుట్టిల్లు చూసినట్టయింది. మూత తీస్తే మాత్రం లోపల తవుడు. తడి తవుడు, ఉప్పు కలిపింది, సముద్రం వెనక్కి వెళ్ళాక ఒడ్డున ఉండే ఇసకలాగా. అందులో రెండు ఎండుమిరపకాయలు, ఒక ఎండు సముద్రపు నాచు ముక్క, ఒక తుప్పు పట్టిన మేకు.

మేకు! ఊరగాయలో!

"వంకాయ రంగు పోకుండా," అంది షిగె గారు.

దోసకాయ, ముల్లంగి, వంకాయ ఏదైనా సరే పొద్దున ఆ తవుడులో పాతిపెడితే సాయంత్రానికి ఊరుతుంది. తవుడు మాత్రం మారదు. షిగె గారి అత్తగారు పెళ్ళయి వచ్చిన ఏడు కలిపింది. అంటే అప్పటికి ఎనభై ఏళ్ళ పైమాటే. పాడవదు. అయిపోదు. కొత్త తవుడు, ఉప్పు వేస్తూ పోవడమే. హోటలుకి వచ్చేవాళ్ళు చేప కోసం వస్తున్నామని చెప్పేవాళ్ళు గాని, ముందు పళ్ళెంలో ఈ ముక్కలున్నాయో లేదో చూసుకునేవాళ్ళు.

ఇంతవరకూ నాకు బాగానే ఉంది. ఇక్కడి నుంచే బాగోలేదు.

షిగె గారు రోజూ రెండు పూటలా చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి దాకా జాడీలోకి దింపేది. ఉత్త చెయ్యి. అప్పుడే కూరలు కడిగిన చెయ్యి. అడుగున ఉన్నది పైకి తెచ్చి, పైది కిందికి తోసి, పిండి కలిపినట్టు కలిపేది. నాకు కళ్ళు మూసుకోవాలనిపించేది.

ఒక రోజు "నువ్వు కలుపు," అంది.

నేను చెక్క గరిటె తీసుకున్నాను. పొడి గుడ్డతో రెండుసార్లు తుడిచి మరీ.

"గరిటె కాదు. చెయ్యి."

"మా వైపు ఊరగాయలో చెయ్యి పెట్టం అమ్మగారూ. పాపం."

"అన్నం చేత్తోనే తింటావుగా?"

"అన్నం వేరు."

ఆవిడ నా మొహం చూసి, గరిటె తీసి గోడకి తగిలించి, తనే కలుపుకుంది.

షిగె గారు రోజూ చేపల బజారుకి చుట్టు దారిన వెళ్ళేది. పక్క వీధిలోంచి వెళితే నాలుగు సందులు, అంతే. ఆవిడ ఆలయం వెనక నుంచి, వంతెన మీద నుంచి తిరిగి వెళ్ళేది. అప్పటికే మోకాలు బాగుండేది కాదు.

"దగ్గర దారి ఉందిగా?" అన్నాను.

"ఇటు గాలి బాగుంటుంది."

గాలి సంగతి చేపలమ్మే ఆవిడ చెప్పింది నాకు. ఆ దగ్గర దారిలో షిగె గారి ఆడపడుచు ఫుమి తోఫు కొట్టు ఉందిట. సోయా పాలు విరగ్గొట్టి జున్నులా దిమ్మలు చేస్తారే, అది. అత్తగారు పోయిన పదకొండో రోజున ఆ ఫుమి వచ్చి జాడీలోంచి గిన్నెడు తవుడు తీసికెళ్ళిందిట, అడక్కుండా. షిగె గారు వీధిలో నిలబెట్టి దొంగ అందిట. ముప్పై ఏళ్ళయింది. ఒక ఊళ్ళో ఉండి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

అది విన్నాక నాకు ఆవిడ మీద గౌరవం రెట్టింపయింది. ముప్పై ఏళ్ళు! నాది పదకొండే.

ఆ సాయంత్రమే చిక్కుళ్ళు ఒలుస్తూ మా తోడికోడలి కథంతా చెప్పాను. గరిటె ఎలా ముంచిందో చేత్తో చేసి చూపించాను. నీటి చుక్కలు ఎన్ని పడ్డాయో కూడా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

షిగె గారు ఒక చిక్కుడుకాయ చివర తుంచి అడిగింది.

"ఆ ఊరగాయ ఏమైంది?"

"పారబోశాను."

"బూజు పట్టిందా?"

"పట్టేదాకా ఆగుతామా?"

ఆవిడ ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది. నాకు ఏదోగా అనిపించి ఆ మాట ఇక ఎత్తలేదు.

ఎండాకాలం వచ్చింది. వాళ్ళ ఎండాకాలం మనదిలా మాడ్చదు. ఉడకబెడుతుంది. ఆ ఉక్కలో షిగె గారి మోకాలు వాచిపోయింది. పట్నం ఆసుపత్రిలో ఆరు రోజులుండాలన్నారు. హోటలు మూసేశాం. కారు ఎక్కబోతూ నన్ను పిలిచింది.

"పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చెయ్యి పెట్టి కలుపు. ఇంకేమీ వద్దు."

"హై," అన్నాను.

అన్నాను. చెయ్యలేదు.

నాకు తెలియక కాదు. నాకు ఎక్కువ తెలుసనుకుని. ఆవిడ పాపం పెద్దావిడ, ఎవరూ చెప్పేవాళ్ళు లేక రోజూ చెయ్యి పెట్టుకుంటోంది, జాడీని కాపాడుకోవడం ఎలాగో నేను చూపిస్తాను, తిరిగొచ్చి ఆశ్చర్యపోవాలి అనుకున్నాను. నాలుగూళ్ళ పెళ్ళిళ్ళు చేసిన చెయ్యి నాది.

ముందు మేకు తీసి కిటికీ గట్టు మీద పడేశాను. తవుడు మరీ తడిగా ఉందని జాడీని మోసుకెళ్ళి పెరట్లో ఎండలో పెట్టాను, రెండు రోజులు. తర్వాత మూడు గుప్పిళ్ళ ఉప్పు వేశాను. పైన వేలి మందం నువ్వుల నూనె పోశాను. మూతి తుడిచి, ఉతికిన గుడ్డ వేసి, తాడుతో వాసెన కట్టాను. చూడటానికి ఎంత బాగుందో చెప్పలేను. ఎవ్వరి చెయ్యీ తగలకుండా నాలుగు రోజులు కాపలా కాశాను.

షిగె గారు కర్ర పట్టుకుని వచ్చింది. చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి నడిచింది. వాసెన చూసి ఆగింది. తాడు విప్పింది, గుడ్డ తీసింది.

ఆ వాసన నేను ఇప్పటికీ మరచిపోలేదు. తలుపులకి వేసే రంగు డబ్బా ఒకటి, వానలో నానిన గోనెపట్టా ఒకటి, రెండూ ఒకేసారి మూత తీసినట్టు.

ఆవిడ నూనె పక్కకి తోసి, వేలు దింపి, నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పు బాగా వేశావు," అంది.

"మా పద్ధతిలో చేశానండీ," అన్నాను.

ఆవిడ మోచెయ్యి దాకా చెయ్యి దింపి అడుగున తడిమింది. ఇంట్లో మనిషి ఒళ్ళు వెచ్చగా ఉందో లేదో చూసినట్టు చూసింది. చెయ్యి బయటికి తీసింది.

"పోయింది."

అంతకంటే ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది. తిడితే నేనూ ఒకటి అనేదాన్ని, దాంతో సరిపోయేది. ఎనభై ఏళ్ళుగా ఒక ఇంటి ఆడవాళ్ళు చేతులు పెట్టి బతికించుకుంటూ వచ్చినదాన్ని ఆరు రోజుల్లో చంపాను. వెనక గదిలోకి వెళ్ళి పెట్టె దించాను. మళ్ళీ అబ్బులు గుమ్మమే నాకు గతి. ఆ పంచదార ఆవకాయ కళ్ళ ముందు కనపడింది. చీరలు ఒక్కొక్కటే మడత పెట్టాను.

తలుపు దగ్గర కర్ర చప్పుడైంది.

"పెట్టె తర్వాత సర్దుకో. పద."

షిగె గారు బట్టలు మార్చుకుంది. పండగలకి కట్టుకునే బూడిదరంగు కిమోనో. చేతిలో ఖాళీ పింగాణీ గిన్నె. నేను వెనకాల నడిచాను. వీధి చివర ఆవిడ ఆలయం వైపు తిరగలేదు. దగ్గర దారి పట్టింది.

ఆవిడ కర్ర వెనకే నేనూ అటు తిరిగాను.

తోఫు కొట్టులో ఒకావిడ నీళ్ళ తొట్టిలోంచి తెల్లటి దిమ్మ పైకి తీస్తోంది. పొట్టి మనిషి, చేతులు మోచేతుల దాకా తడి. తలెత్తింది. దిమ్మ చేతిలో అలాగే ఉండిపోయింది.

"ముప్పై ఏళ్ళు పట్టిందా వదినా, నాలుగు సందులు దాటడానికి?"

"మోకాలు నొప్పి," అంది షిగె గారు.

"ముప్పై ఏళ్ళ నుంచా?"

"ముప్పై ఏళ్ళ నుంచే."

ఫుమి గారు దిమ్మ నీళ్ళలోకి వదిలేసింది. షిగె గారు కర్ర గోడకి ఆనించి, కొట్టు గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుంది. డాక్టరు ఇంకా కొన్నాళ్ళు వంచొద్దన్న మోకాలు. పళ్ళు బిగబట్టడం నేను చూశాను. గిన్నె ముందు పెట్టి, రెండు చేతులూ గట్టుకి ఆనించి, నుదురు తగిలేలా వంగింది.

"ఒక పిడికెడు ఇవ్వు."

"అమ్మ తవుడు పంచుకోడానికి కాదన్నావు ఆ రోజు."

"అన్నాను."

"దొంగ అన్నావు. వీధిలో నిలబెట్టి. పాలవాడు కూడా విన్నాడు."

"అన్నాను."

"ఇప్పుడేమంటావు?"

షిగె గారు తల ఎత్తలేదు.

"తీసికెళ్ళి మంచి పని చేశావంటాను."

ఫుమి గారు చేతులు నడుం మీద పెట్టుకుంది.

"నీ జాడీ ఏమైంది?"

"పోయింది."

"ఎవరు పోగొట్టారు?"

ఆవిడ చూపు నా మీద పడింది. చీర కట్టుకుని పక్కన నిలబడ్డ మనిషిని చూడక ఏం చేస్తుంది?

"జాడీ నాది," అంది షిగె గారు. "నేనే."

నాకు ఒళ్ళంతా మండింది. నా తప్పు ఇంకొకళ్ళ నెత్తి మీద పెట్టి బతికినదాన్ని కాదు నేను. అబ్బులుని అడిగినా చెబుతాడు. నేనూ మోకాళ్ళ మీద పడ్డాను. వాళ్ళలా వంగడం నాకు సరిగ్గా రాదు, మన పద్ధతిలోనే దణ్ణం పెట్టాను.

"నేనే పోగొట్టాను. ఎండలో పెట్టాను. ఉప్పు వేశాను. నూనె పోశాను."

"నూనె?" అంది ఫుమి గారు. "నూనె ఎందుకు?"

"ఎవరి చెయ్యీ తగలకుండా."

ఫుమి గారు షిగె గారి వైపు చూసింది. షిగె గారు అప్పుడు తల ఎత్తి ఆవిడ వైపు చూసింది. ముసలాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఒక్కసారిగా నవ్వారు. ఫుమి గారు నవ్వుతూ నవ్వుతూ గట్టు మీద కూలబడింది. షిగె గారికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అవి నవ్వు నీళ్ళో ఏవో.

నాకు మాత్రం నవ్వు రాలేదు. అందులో నవ్వేదేం ఉందో ఆ రోజు నాకు తెలియలేదు.

ఫుమి గారు లేచి కొట్టు లోపలి నుంచి జాడీ తెచ్చింది. చిన్నది, మూతి కొంచెం పగిలింది. మూత తీసింది. అదే వాసన, కొత్త ధాన్యం మరపట్టిన వాసన. నేను మొదటి రోజు తిన్న దోసకాయ వాసన. నీళ్ళు కారుతున్న చెయ్యి అలాగే అందులోకి దింపింది. తుడుచుకోలేదు. అడుగు నుంచి తవుడు తోడి గిన్నెలో వేసింది. ఒక పిడికెడు కాదు. గిన్నె నిండా వేసి, పైన కుప్ప పోసింది.

"చాలు," అంది షిగె గారు.

"నువ్వు ఊరుకో," అంది ఫుమి గారు.

మేం లేవబోతుంటే ఒక తోఫు దిమ్మ ఆకులో చుట్టి నా చేతిలో పెట్టింది. "దీన్ని కూడా ఎండలో పెట్టకు," అంది.

దగ్గర దారినే వెనక్కి వచ్చాం.

జాడీ నేను కడిగాను. వేడినీళ్ళతో నాలుగుసార్లు కడిగాను. కొత్త తవుడు బాణలిలో వేయించాను. ఉప్పు షిగె గారు వేసింది, నన్ను వెయ్యనివ్వలేదు. ఎండుమిరపకాయలు, నాచు ముక్క వేసింది. కిటికీ గట్టు మీద ఉన్న మేకు తీసుకుని, ఊది, లోపల పడేసింది. చివర్న ఫుమి గారిచ్చినది అంతా మధ్యలో పెట్టింది, గూట్లో గుడ్లు పెట్టినట్టు.

పెట్టేసి, స్టూలు మీద కూర్చుని, మోకాలు చాపుకుంది.

"నువ్వు కలుపు."

నేను చేతులు కడుక్కున్నాను. సబ్బుతో మోచేతుల దాకా రెండుసార్లు. గోడకి తగిలించిన గరిటె వైపు చూడలేదు. చెయ్యి తుడుచుకోడానికి తువ్వాలు అందుకున్నాను.

"తుడుచుకోకు."

తువ్వాలు వదిలేశాను. చెయ్యి ముందుకి చాపి జాడీ మీద నిలబడ్డాను. వేళ్ళ చివర్ల నుంచి నీటి చుక్కలు జాడీలోకి పడుతున్నాయి. ఒకటి. రెండు. మూడు. నేను లెక్కపెట్టడం ఆవిడ చూసింది.

దింపాను.

పైన చల్లగా ఉంది. మధ్యలో, ఫుమి గారి తవుడు ఉన్నచోట, వెచ్చగా ఉంది. వేళ్ళ సందుల్లోకి అదే వచ్చింది, నేను తీసుకోవలసిన పని లేకుండా. మేకు తగిలింది. మిరపకాయ తగిలింది. నేను కలుపుతూ పోయాను, మెల్లిగా, ఎవరినో నిద్ర లేపకుండా దుప్పటి సర్దినట్టు.

"తాయా."

"హై."

"మీ తోడికోడలి పేరేంటి?"

చెయ్యి ఆగిపోయింది. పదకొండేళ్ళు నేను ఆవిడని "ఆవిడ" అన్నాను. కోపమొస్తే "అది" అన్నాను. పేరు పలకలేదు. పలకాలంటే మొదటి అక్షరం కోసం తడుముకోవలసి వచ్చింది.

"సత్యవేణి," అన్నాను.

"సా-తి-యా-బే-ని," అంది షిగె గారు. మళ్ళీ ఒకసారి, తప్పు పోకుండా, లోపల అనుకున్నట్టు అంది. తర్వాత జాడీలోకి తొంగి చూసింది. నా చెయ్యి మణికట్టు దాకే మునిగి ఉంది.

"అడుగు దాకా కలుపు," అంది.